పదో తరగతి అమ్మానాన్నలకు ప్రశ్నపత్రం చూపించండి

సంపాదకులకు,

అయ్యా,

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులను పిలిపించినప్పుడు మన బడుల్లో చెప్పే మాట దాదాపు ఒకటే: "ఇంట్లో కూర్చోబెట్టి చదివించండి, ఫోను ఇవ్వకండి." ఏం చదివించాలో, పేపరు ఎలా ఉంటుందో, ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులో మాత్రం చెప్పరు. పొద్దస్తమానం పనికి వెళ్లి వచ్చే తల్లికి ఇక "చదువు, చదువు" అనడం తప్ప ఏం మిగులుతుంది? ఆ మాట వినీ వినీ పిల్లలకు విసుగు పుడుతుంది. పరీక్ష దగ్గరపడే కొద్దీ ఇంట్లో గొడవలు పెరుగుతాయి గానీ మార్కులు పెరగవు.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జులై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిగాయి. అంతమంది అమ్మానాన్నలు పని మానుకుని బడికి వచ్చే రోజు మరొకటి దొరకదు. అలాంటి రోజున పదో తరగతి పిల్లల తల్లిదండ్రులను వేరే గదిలో ఒక గంట కూర్చోబెట్టి, నిరుటి ప్రశ్నపత్రం ఒక్కొక్కరి చేతికీ ఇచ్చి విడమరచి చెప్పాలని నా మనవి. ప్రైవేటు బడులు కూడా ఈ పని చేయాలి. ఆ గంటలో చెప్పాల్సినవేమిటో ఇక్కడ రాస్తున్నాను.

ముందు లెక్కల పేపరు. ఇళ్లలో భయమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పేపరు 100 మార్కులకు, ప్రశ్నలు 33. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఒకటి, రెండు మార్కుల ప్రశ్నలు కలిపితేనే 28 వస్తాయి. పాసు మార్కులు 35. వీటికి తోడు రెండు నాలుగు మార్కుల లెక్కలు చేస్తే 36 అయ్యాయి. చిన్న ప్రశ్నలన్నీ తప్పు లేకుండా రావు కాబట్టి, నాలుగు మార్కులవి ఇంకో మూడు సిద్ధం చేసుకుంటే ధైర్యంగా ఉండొచ్చు. "మా వాడికి లెక్కలు రావు" అని చేతులెత్తేసిన తండ్రికి ఈ కూడిక చూపిస్తే ఆయన మాట తీరు మారుతుంది. వెనకబడిన పిల్లలతో ఎనిమిది మార్కుల లెక్కలు బట్టీ పట్టించి, చిన్న ప్రశ్నలను గాలికొదిలేయడం మన దగ్గర జరుగుతున్న పెద్ద పొరపాటు.

లెక్క రాని తల్లిదండ్రులు కూడా నోట్సు చూడగలరు. మార్కులు సోపానాల (స్టెప్పుల) వారీగా పడతాయి కాబట్టి చూడాల్సింది మూడే: సూత్రం విడిగా ఒక వరుసలో రాశారా, దాని కింద విలువలు వేశారా, చివర సెంటీమీటర్లో రూపాయలో ఆ ప్రమాణం రాశారా. జవాబు తప్పినా పైన సోపానాలు సరిగ్గా ఉంటే కొన్ని మార్కులు వస్తాయి. జవాబు ఒక్కటే గీకి వదిలేస్తే, అది ఒప్పైనా పూర్తి మార్కులు రావు. పిల్లలు మాటిమాటికీ తప్పే చోటు ఒకటి చెబుతాను. తరగతులుగా విడగొట్టిన లెక్కకు (వర్గీకృత దత్తాంశానికి) మధ్యగతం, అంటే మీడియన్, కట్టేటప్పుడు సూత్రంలో వేయాల్సింది మధ్యగత తరగతికి ముందున్న తరగతి సంచిత పౌనఃపున్యం, అంటే అప్పటిదాకా కూడుతూ వచ్చిన మొత్తం. పిల్లలు తొందరలో మధ్యగత తరగతిదే వేసేస్తారు. పట్టిక అంతా ఒప్పే ఉంటుంది, జవాబు మాత్రం తప్పుతుంది. గ్రాఫులో ఇలాంటిదే ఇంకొకటి: గీత చక్కగా గీసి స్కేలు రాయడం మరిచిపోతారు, బిందువులకు నిరూపకాలు (x, y విలువలు) రాయరు. ఇంట్లో గ్రాఫు వేసిన ప్రతిసారీ "స్కేలు రాశావా?" అని అడిగితే చాలు, ఆ అలవాటు పడిపోతుంది.

పుస్తకాల గురించి జాగ్రత్త చెప్పాలి. మన రాష్ట్రంలో 2024-25 నుంచి పదో తరగతికి కేంద్ర సంస్థ ఎన్సీఈఆర్టీ పుస్తకాలు వచ్చాయి. అన్నయ్యదో, పక్కింటి అక్కదో పాత గైడు ఇంట్లో ఉంటే దాన్నే ఇచ్చి చదివించే వాళ్లున్నారు. పాత పుస్తకంలో ఉన్న సమితులు, సంవర్గమానాలు, గుణశ్రేఢులు ఇప్పటి పదో తరగతి లెక్కల్లో లేవు. వాటి మీద పెట్టిన ప్రతి గంటా వృథా. యూట్యూబు వీడియోలతో ఇంకో చిక్కుంది. తెలంగాణ వాళ్లకు రాతపరీక్ష 80 మార్కులకు, మిగతా 20 బడిలోనే వేసే ఇంటర్నల్స్‌కు. అక్కడి పేపరు తీరు వేరు. తెలుగులో ఉంది కదా అని ఆ "ముఖ్యమైన ప్రశ్నలు" మన పిల్లలు రాసుకుంటున్నారు. వీడియో పెట్టేముందు ఏ రాష్ట్రానిదో, ఏ సంవత్సరానిదో చూసి మరీ పెట్టాలి.

ఇక ఆదివారం పరీక్ష. పదో తరగతి ఇళ్లన్నిటిలో ఈ ఒక్క పద్ధతి పెడితే ట్యూషన్ల కంటే ఎక్కువ మేలు జరుగుతుందని నా నమ్మకం. అసలు పరీక్ష ఉదయం 9.30కు మొదలై 12.45కు ముగుస్తుంది. అందులో మొదటి 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే. జనవరి నుంచి ప్రతి ఆదివారం అదే సమయానికి ఒక పాత పేపరు పెట్టి రాయించండి. చదువుకునే 15 నిమిషాల్లో ఎనిమిది మార్కుల ప్రశ్నల్లో 'లేదా' అని ఉన్నచోట ఏది రాయాలో టిక్కు పెట్టుకోవాలి. రెండూ రాసేసి సమయం పోగొట్టుకునే పిల్లలు ఏటా ఉంటారు. తర్వాత మూడు గంటల లెక్క: ఒక మార్కు బిట్లన్నిటికీ కలిపి 12 నిమిషాలు, రెండు మార్కుల ప్రశ్న ఒక్కోదానికి 3, నాలుగు మార్కులదానికి 7, ఎనిమిది మార్కులదానికి 13. కూడితే 157 నిమిషాలు. మిగిలిన 23 నిమిషాలు ఆగిపోయిన లెక్కలకు, సరిచూసుకోవడానికి. ఇంటి పెద్దలు చేయాల్సిందల్లా ఆ మూడుంపావు గంటలు టీవీ కట్టేసి, చుట్టాలను పక్క గదిలో కూర్చోబెట్టడం.

రాసిన తర్వాత "ఎన్ని వచ్చాయి?" అని అడగొద్దు. పోయిన ప్రతి మార్కు పక్కనా మూడింటిలో ఒకటి రాయించండి: తెలియదు, తెలిసీ తప్పింది, సమయం చాలలేదు. మూడింటికీ మందు వేరు. తెలియనిది మాస్టారి దగ్గర మళ్లీ నేర్చుకోవాలి. తెలిసీ తప్పినదాన్ని ఆ వారంలోనే రెండుసార్లు చేయాలి. సమయం చాలకపోతే చేతిరాత వేగం పెరగాలి, అంటే రోజూ ఒక జవాబు గడియారం పెట్టుకుని రాయాలి. చదవడమే తప్ప రాయడం అలవాటు లేని పిల్లలు సోషల్ పేపరులో చివరి పెద్ద ప్రశ్న దగ్గర ఆగిపోతారు.

సైన్సు సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. భౌతికశాస్త్రం, జీవశాస్త్రం వేర్వేరు రోజుల్లో 50 మార్కుల చొప్పున ఉంటాయి. పాసవడానికి రెండూ కలిపి 35 వస్తే సరిపోతుంది. మొదటి పేపరు పాడైందని ఏడుస్తూ వచ్చిన బిడ్డకు ఈ సంగతి చెప్పి, అన్నం పెట్టి, రెండో పేపరుకు కూర్చోబెట్టాలి. ఆ సాయంత్రం జవాబుల కీ పట్టుకుని మార్కులు లెక్కబెడితే రెండో పేపరు కూడా పోతుంది.

పరీక్ష రాసే పిల్లల వివరాలతో బడి బోర్డుకు పంపే జాబితా, అంటే నామినల్ రోల్సు, దగ్గర కూడా తల్లిదండ్రులు ఉండి తీరాలి. విద్యార్థి పేరు, ఇంటిపేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, ఫొటో, మీడియం, మొదటి భాష అన్నీ అందులో ఉంటాయి. రేపు మార్కుల మెమోలో వచ్చేవి ఆ వివరాలే. పాస్‌పోర్టుకైనా ఉద్యోగానికైనా పుట్టిన తేదీకి సాధారణంగా చూపేది పదో తరగతి మెమోనే. రోల్సు పంపకముందు బడిలో ఐదు నిమిషాల్లో అయ్యే దిద్దుబాటు, మెమో వచ్చాక నెలల తరబడి తిప్పుతుంది. ప్రింటు తీసి తల్లిదండ్రులకు చూపించి సంతకం తీసుకునే బాధ్యత ప్రధానోపాధ్యాయులది. చూపు, వినికిడి సమస్యలున్న పిల్లలకు, డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) ఉన్నవాళ్లకు సమస్యను బట్టి అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు లాంటి సదుపాయాలు దొరుకుతాయి. సహాయకుడు కింది తరగతి విద్యార్థి అయి ఉండాలి. అందుకు వైద్య ధ్రువపత్రంతో బడి ద్వారా ముందే దరఖాస్తు పెట్టాలి. హాల్‌టికెట్ వచ్చాక పరుగెత్తితే పని జరగదు. ఈ సదుపాయం ఉందని తెలియక ఎందరో పిల్లలు నష్టపోతున్నారు. చెప్పని తప్పు మాదే, అంటే ఉపాధ్యాయులదే.

నిద్ర విషయంలో తల్లిదండ్రులు గట్టిగా నిలబడాలి. ఈ వయసు పిల్లలకు కనీసం ఎనిమిది గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్సు పెట్టి, తెల్లవారుజామున నాలుగింటికి లేపే బడులున్నాయి. అలా చదివింది పొద్దునకు నిలవదు. అలాంటి బడికి వెళ్లి "మా పిల్లను తొమ్మిదింటికి పంపేయండి" అని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. నలుగురు కలిసి అడిగితే వింటారు.

చివరగా ఫలితాలు. 2025లో ఏప్రిల్ 23న ఫలితాలు వస్తే మే 19 నుంచి 28 వరకు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ జరిగింది. అంటే నెల కూడా తిరగకముందే, తప్పిన సబ్జెక్టు ఒక్కటే మళ్లీ రాసి, ఆ ఏడాదే ఇంటర్లో చేరవచ్చు. ఫెయిలైతే ఏడాది పోయిందనుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మార్కుల మీద అనుమానముంటే రీకౌంటింగుకు (మార్కులు మళ్లీ కూడటానికి) సబ్జెక్టుకు రూ.500, రీవెరిఫికేషనుకు (జవాబుపత్రం మళ్లీ పరిశీలించడానికి) రూ.1000 చొప్పున ఆ ఏడాది బోర్డు తీసుకుంది. వీటికీ, సప్లిమెంటరీ ఫీజుకూ గడువు కొద్ది రోజులే ఉంటుంది. బాధలో మునిగి ఆ రోజులు పోగొట్టుకోకూడదు. ఫలితాలు వచ్చిన రెండు మూడు రోజులు పిల్లలను ఒంటరిగా వదలొద్దు. తిండి మానేసినా, గది తలుపు వేసుకున్నా, "నేను లేకపోతే మీకే మంచిది" లాంటి మాట నోట వచ్చినా తేలిగ్గా తీసుకోకుండా పక్కనే ఉండి మాట్లాడించాలి. మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఫలితాల మర్నాడు పేజీలకు పేజీలు ర్యాంకుల ప్రకటనలతో నిండిపోతాయి. ఆ రోజు మొదటి పేజీలో సప్లిమెంటరీ తేదీలు, ఫీజు గడువు, రీకౌంటింగు వివరాలు, 14416 నంబరు పెద్ద అక్షరాలతో ఒక పెట్టెలో వేయండి. తప్పిన పిల్లల ఇళ్లలో ఆ రోజు వెతికేది వాటినే.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
బాపట్ల