‘అమ్మ’ ఐస్‌లాండ్‌కు వలసపోలేదు

సంపాదకులకు,

ఐస్‌లాండ్‌లో అమ్మమ్మను, నాయనమ్మను కూడా ‘అమ్మ’ అనే పిలుస్తారు కాబట్టి ఆ మాట మన దగ్గర్నుంచే పోయిందని మీ ఆదివారం అనుబంధంలో రాశారు. పిలవడం నిజమే, పోవడం నిజం కాదు. పసినోటికి ముందుగా అందేవి పెదవుల ధ్వనులు. వాటితో చుట్టరికం పేర్లు ఏ భాషకాభాషలోనే పుడతాయి. జర్మన్‌లో ‘అమ్మె’ అంటే పాలిచ్చే దాది. అంత దూరం ఎందుకు, నల్లగొండ పల్లెల్లో పాతతరానికి ‘అవ్వ’ అంటే తల్లి, రాయలసీమలో అదే మాట తల్లి తల్లికి.

పోలిక వెతకాలంటే స్వీడిష్‌లో వెతకాలి. అక్కడ ‘మూర్’ తల్లి, ‘ఫార్’ తండ్రి. పాత రూపాల్లో నడుమ ఉన్న దకారం అరిగిపోగా మిగిలిన ముక్కలివి. తల్లి తల్లి ‘ముర్ముర్’ (ముర్మురాలు గుర్తొస్తే తప్పు నాది కాదు), తండ్రి తల్లి ‘ఫర్ముర్’. అచ్చం అమ్మమ్మ, నాయనమ్మల కట్టుబడే. తల్లి సోదరుడు ‘ముర్బ్రుర్’, అంటే మేనమామ. తండ్రి సోదరి ‘ఫస్తెర్’, మన మేనత్త. రోమన్ లిపిలో ఇది ఇంగ్లీషు ‘ఫాస్టర్’ అక్షరాలే, కాబట్టి యంత్రానువాదాన్ని నమ్మితే మేనత్త కాస్తా ‘వేగంగా’ అయి కూర్చుంటుంది.

స్వీడిష్ కథలను ఇంగ్లీషు మీదుగా తెలుగుచేసేవాళ్ల దగ్గర ముర్బ్రుర్ ముందు ‘అంకుల్’ అవుతాడు, తర్వాత బాబాయి అవుతాడు. మూలంలో స్పష్టంగా ఉన్న మేనమామ వరస దారిలో పోతుంది. తిరకాసు మరోవైపూ ఉంది. తల్లి సోదరి ‘ముస్తెర్’ తల్లికంటే పెద్దదో చిన్నదో ఆ మాట చెప్పదు. వయసు దొరికితేనే పెద్దమ్మ, చిన్నమ్మ అని రాయాలి, లేకపోతే ‘వాళ్లమ్మ తోబుట్టువు’ అంటే చాలు. పిల్లలు ముక్కూమొహం తెలియని పెద్దమనిషిని ‘ఫర్బ్రుర్’ (తండ్రి సోదరుడు) అన్నచోట చిన్నాయన అని రాస్తే లేని చుట్టరికం పుడుతుంది. అక్కడ ‘పెద్దాయనా’ చాలు.

అన్నిటికంటే ప్రమాదం ఫ్రెంచి నుంచి వచ్చిన ‘కుసీన్’. మేనమామ కొడుకూ అదే, పెద్దమ్మ కొడుకూ అదే. మనకు ఒకరు బావ, మరొకరు అన్న. పొరపడితే కథలో అన్నాచెల్లెళ్లకు పెళ్లి చేసినట్టవుతుంది. మొదటి పేజీ మొదలుపెట్టకముందే ఎవరు ఎవరి వైపో కాగితమ్మీద వంశవృక్షం గీసుకోవాలి. నార్వే నవలల్లో ఈ పని ఇంకా ఎక్కువ, అక్కడ ‘ఓంకెల్’ (అంకుల్), ‘తాంతె’ (ఆంటీ) అనే మాటలే వాడుక, అమ్మ వైపో నాన్న వైపో అవి చెప్పవు.

– భాషాశాస్త్ర అధ్యాపకుడు, నల్లగొండ