ముప్ఫై రోజుల రికార్డింగు ఎక్కడుంది?

సంపాదకులు గారికి నమస్కారం.

విజయనగరంలో అపార్టుమెంట్ల గేట్ల దగ్గర, గంటస్తంభం చుట్టుపక్కల దుకాణాల ముందు, వీధి గుడి మండపాల్లో సైతం ‘మీరు సీసీ కెమెరాల నిఘాలో ఉన్నారు’ అన్న బోర్డులు వెలిశాయి. కెమెరాలు పెట్టుకోవడం మంచిదే. అయితే బండి పోయిందనో, మెడలో గొలుసు తెంపుకుపోయారనో ఎవరైనా వచ్చి అడిగితే, ‘ఆ రోజుది చెరిగిపోయిందండీ’ అన్న జవాబు తరచుగా వినబడుతోంది. కెమెరాకు ఇంత అని బేరమాడుతున్నామే గాని, ఆ దృశ్యాలను దాచే రికార్డరు ఎన్నాళ్లు దాస్తుందో కొనేవారు అడగడం లేదు, అమర్చేవారు చెప్పడం లేదు.

2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం ప్రకారం, ఒకేసారి 100 మంది గాని, రోజు మొత్తంమీద 500 మంది గాని వచ్చే అవకాశమున్న సంస్థలు కెమెరాలు పెట్టుకోవడమే కాక, ఫుటేజీని 30 రోజులపాటు భద్రపరచాలి. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, ప్రార్థనా స్థలాలు, వ్యాపార సంస్థలు అన్నీ దీని పరిధిలోకి వస్తాయి. ఆ 30 రోజులకు ఎంత హార్డ్ డిస్క్ కావాలో లెక్క వేయడానికి ఇంజనీరు అక్కరలేదు. నాలుగు మెగాపిక్సెళ్ల కెమెరాను సెకనుకు నాలుగు మెగాబిట్ల వేగంతో రికార్డు చేయిస్తే, ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక, అది సెకనుకు అర మెగాబైటు అవుతుంది. రోజుకు 86,400 సెకన్లు కనుక ఒక్క కెమెరాకే రోజుకు సుమారు 43 గిగాబైట్లు ఖర్చవుతాయి. ఎనిమిది కెమెరాలకు రోజుకు 345 గిగాబైట్లు, నెలకు పది టెరాబైట్ల పైమాట. దృశ్యాన్ని మరింత కుదించి దాచే హెచ్.265 పద్ధతి వాడి వేగాన్ని సగానికి తగ్గించినా ఐదు టెరాబైట్లు దాటుతుంది. కొటేషన్లలో మామూలుగా కనబడేది మాత్రం ఒక టెరాబైటు డిస్కు! అది ఎక్కువలో ఎక్కువ ఆరు రోజులకు నిండిపోయి, పాతదాని మీదే మళ్లీ రాసుకుంటూ పోతుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా పెడితే సరిపోతుందని కొందరు అంటారు. మెట్ల దగ్గర ఆ మాట చెల్లుతుంది గాని, వీధివైపు చెట్టు కొమ్మ ఊగినా, కుక్క నడిచినా, బండి లైటు పడినా అది కదలికే కాబట్టి అక్కడ మిగిలే చోటు స్వల్పం. కనుక కొటేషన్‌లో కెమెరాల సంఖ్యతో పాటు ‘ఇన్ని రోజుల రికార్డింగుకు మాది పూచీ’ అని రాయించుకోవాలి. డిస్కు కూడా మామూలు కంప్యూటరుది కాకుండా, రాత్రింబవళ్లు ఆగకుండా రాయడానికి తయారుచేసిన నిఘా రకం అయి ఉండాలి.

తీగల సంగతికి వస్తే, దృశ్యానికో తీగ, కరెంటుకో తీగ లాగే పాత డీవీఆర్ పద్ధతి కంటే నెట్‌వర్కు కెమెరాలు, వాటి రికార్డరు (ఎన్‌వీఆర్), నెట్‌వర్కు కేబుల్‌లోనే కరెంటు కూడా పంపే పీవోఈ స్విచ్ కలిపిన ఏర్పాటు మేలని నా అభిప్రాయం. ఒకే కేబుల్ మీద కరెంటూ దృశ్యమూ రెండూ నడుస్తాయి కనుక, స్విచ్‌కూ రికార్డరుకూ ఒక యూపీఎస్ తగిలిస్తే కరెంటు పోయినా కెమెరాలన్నీ పనిచేస్తూనే ఉంటాయి. అయితే ఆ కేబుల్ పొడవు 100 మీటర్లు దాటకూడదు, లోపలి తీగ అసలైన రాగిదై ఉండాలి. రాగిపూత పూసిన అల్యూమినియం కేబుల్ చవకగా వస్తుంది. దాన్ని వాడితే పగలంతా బాగానే పనిచేసి, చీకటి పడగానే కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి ఎక్కువ కరెంటు లాగినప్పుడు కెమెరా ఆగి ఆగి వస్తుంది. దొంగకు కావలసినదీ ఆ వేళే. ఒక బ్లాకు నుంచి మరో బ్లాకుకు ఆరుబయట లాగే చోట రాగి తీగకు బదులు ఫైబర్ వేయిస్తే, ఎక్కడో పిడుగు పడినప్పుడు ఆ దెబ్బ తీగ వెంట పాకి స్విచ్, రికార్డరు రెండూ కాలిపోయే ప్రమాదం తప్పుతుంది.

రికార్డరును గల్లాపెట్టె కింద అందరికీ కనబడేలా పెట్టే దుకాణాలు లేకపోలేదు. దొంగ వచ్చినవాడు దాన్నే చంకన పెట్టుకుపోతే ఇక కెమెరాలు ఎన్ని ఉండి ఏం లాభం? గాలి ఆడే వేరే గదిలో తాళం వేసి ఉంచాలి. గడియారం మరో నిర్లక్ష్యం. రికార్డరును నెట్‌వర్కు సమయంతో అనుసంధానం చేయకపోతే అది నెలలు గడిచేకొద్దీ తప్పుతుంది, పక్క దుకాణం ఫుటేజీతో పోల్చి చూసే వీలుండదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచేయాలి. తెర మీద ఆడుతున్న దృశ్యాన్ని సెల్‌ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపినంత మాత్రాన ఆ పని తీరదు.

పాస్‌వర్డు సంగతి చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. 2016లో మిరాయ్ అనే హానికర సాఫ్ట్‌వేర్, తయారీదారు పెట్టి ఇచ్చిన పాస్‌వర్డులు మార్చని లక్షలాది కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లను వశం చేసుకుని అమెరికాలో పేరున్న వెబ్‌సైట్లెన్నింటినో స్తంభింపజేసింది. మన దగ్గర అంతకంటే మామూలు ప్రమాదం ఒకటుంది: అమర్చిన మనిషి తన ఫోను నంబరుతోనే యాప్‌లో ఖాతా తెరిచి, మనకు చూసే వీలు మాత్రం ఇచ్చి వెళ్లిపోతాడు. మన గుమ్మం ముందు ఎవరు తిరుగుతున్నారో చూసే అధికారం అతని ఫోనులోనే ఉండిపోతుంది. డబ్బు చివరి వాయిదా ఇచ్చే ముందే యాజమాన్య ఖాతా మన పేరుకు మార్పించుకోవాలి. 2025 ఏప్రిల్ 9 నుంచి కెమెరాలకు కేంద్ర ప్రభుత్వం నిర్దేశించిన భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి కనుక, కొనే మోడలుకు ఆ ధ్రువీకరణ ఉందా అని దుకాణంలో అడిగే హక్కూ మనకుంది.

పోలీసు శాఖకు, నగరపాలక సంస్థకు నా మనవి ఒకటే. కాలనీ సంఘాలను, వ్యాపారులను కెమెరాలు పెట్టుకోమని కోరేటప్పుడు రికార్డింగు రోజులు, గడియారం, యూపీఎస్, ఖాతా ఎవరి పేరున ఉందన్న వివరాలతో ఒక పేజీ తెలుగు పత్రం కూడా ఇవ్వాలి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ముందు, మూడు లాంతర్ల కూడలి నుంచి కోట వరకు ఉన్న సంస్థల్లో సరిగ్గా 29 రోజుల కిందటి ఫుటేజీని తెర మీద చూపించమని అడిగితే, ఎవరి దగ్గర నిజంగా రికార్డింగు ఉందో ఒక్క పూటలో తేలిపోతుంది.

ఇట్లు,
ఒక అపార్టుమెంటు సంఘం సభ్యుడు,
విజయనగరం