లెట్రోజోల్ నొప్పులకు సూదులు: పద్మకు ఉత్తరం

ప్రియమైన పద్మా,

పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోవట్లేదనీ, పచ్చడి జాడీ మూత కూడా తిప్పలేకపోతున్నాననీ, ఇక లెట్రోజోల్ మానేసి, సూదులు గుచ్చి చేసే ఆక్యుపంక్చర్ వైద్యానికి వెళ్తాననీ రాశావు. సూదులకి వెళ్ళు, మంచిదే. మాత్ర మాత్రం మానకే, నీ కాళ్ళు పట్టుకుంటా. రోజూ వేసుకునే ఆ 2.5 మిల్లీగ్రాముల బిళ్ళ నీ రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా కాపలా కాస్తోంది. సూదులు ఆ పని చెయ్యలేవు. ఐదేళ్ళూ ఆ బిళ్ళని ఓర్చుకునేలా నొప్పి తగ్గించడమే వాటి పని.

నెలసరి ఆగాక కూడా ఒంట్లో, ముఖ్యంగా కొవ్వులో, కాస్త ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను తయారవుతూ ఉంటుంది. లెట్రోజోల్ దాన్నీ ఆపేస్తుంది. కీళ్ళు పట్టేసేది అందుకే. ఈ మందు వాడేవాళ్ళలో ఇంచుమించు సగం మంది పడే బాధే ఇది, నీ ఓపిక తగ్గిపోయి కాదు.

అమెరికాలో 11 చోట్ల, సరిగ్గా ఈ నొప్పులే ఉన్న 226 మంది మీద పరీక్ష చేసి 2018లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి అసలు సూదులు, కొందరికి సంబంధం లేని చోట పైపైన గుచ్చిన ఉత్తుత్తి సూదులు, మిగతావాళ్ళకి ఏమీ లేదు. పదికి లెక్కేసిన నొప్పి 6 వారాల్లో అసలు సూదులవాళ్ళకి 2.05, ఉత్తుత్తివాళ్ళకి 1.07, ఏమీ లేనివాళ్ళకి 0.99 తగ్గింది. అంటే సూది అదనంగా ఇచ్చింది ఒక్క అంకె దగ్గర్లో. మహిమేమీ కాదు. కానీ ఏడాది తర్వాత చూసినా ఆ తేడా నిలిచే ఉంది, అదే నాకు నచ్చింది. 2022లో అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం కూడా ఈ నొప్పికి ఆక్యుపంక్చర్ సిఫారసు చేసింది.

అయితే ఆ ఫలితం ఎన్ని సిట్టింగులకి వచ్చిందో గుర్తుపెట్టుకో. మొదటి 6 వారాలు వారానికి 2 సార్లు, తర్వాత 6 వారాలు వారానికి ఒకసారి, మొత్తం 18. చాలామంది పదిహేను రోజులకోసారి చొప్పున మూడుసార్లు వెళ్ళొచ్చి "ఏం లాభం లేదు" అని మానేస్తారు. అన్ని రోజులు వెళ్ళడానికి డబ్బూ తీరికా కుదురుతాయో లేదో ముందే చూసుకో.

సూది ఇంజక్షన్ సూది కన్నా బాగా సన్నం, మందం పావు మిల్లీమీటరుకి అటూ ఇటూగా ఉంటుంది. సీలున్న కొత్త ప్యాకెట్ నీ ఎదుటే చింపాలి. ఖాళీ కడుపుతో వెళ్ళకు, కళ్ళు తిరుగుతాయి. మొదటిసారి పడుకునే వేయించుకో. అరగంట, ముప్పావుగంట ఉంచుతారు. గుచ్చిన చోట బరువుగా, లాగినట్టు ఉంటే ఫర్వాలేదు. కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే వెంటనే చెప్పు, నరానికి తగిలి ఉండొచ్చు. కమిలిన మచ్చలు మాత్రం మామూలే, ఆ పరీక్షలో అసలు సూదులవాళ్ళలో దాదాపు సగం మందికి వచ్చాయి. రక్తం పల్చబడే మందులేవైనా వాడుతుంటే ముందే చెప్పు.

అన్నిటికన్నా ముఖ్యం నీ ఎడమ చెయ్యి. చంకలో లింఫ్ గ్రంథులు తీసేశారు కదా, అటు చేతిలో ఊరే లింఫ్ నీరు సరిగ్గా బయటికి పోదు. చిన్న ఇన్ఫెక్షన్ సోకినా చెయ్యి ఎర్రబడి ఉబ్బిపోయే ప్రమాదం ఉంది. అందుకని ఎడమచేతికి వద్దని ముందే చెప్పు. కుడిచేతికీ కాళ్ళకీ చెవులకీ వేస్తారు. ఛాతీ మీదా, భుజం పైనా లోతుగా గుచ్చనివ్వకు, అక్కడ ఊపిరితిత్తి దగ్గరగా ఉంటుంది. సూదుల తర్వాత ఊపిరి పీలిస్తే పొడిచినట్టుంటే ఆసుపత్రికే పరిగెత్తు.

చెయ్యి వాపు సూదులతో తగ్గిస్తామంటే నమ్మకు. 82 మంది మీద చేసిన పరీక్షలో ఏమీ తగ్గలేదు. దానికి బిగుతు తొడుగూ, లింఫ్ మసాజూ, వ్యాయామమే. రాత్రిళ్ళు ఒళ్ళంతా వేడెక్కించే ఆవిర్లకి మాత్రం కాస్త ఆశ ఉంది. ఇటలీలో 190 మంది మీద 10 సిట్టింగులతో చేసిన పరీక్షలో ఆవిర్లు బాగానే తగ్గాయి.

ఇంకోమాట. రెండు చేతుల వేళ్ళూ, మోకాళ్ళూ ఒకేలా పట్టేస్తుంటే అది బిళ్ళ పనే అయ్యుండొచ్చు. నడుములోనో తుంటిలోనో ఒక్కచోటే, రాత్రి కూడా వదలకుండా నొప్పి ఉంటే సూదుల దగ్గరికి కాదు, ముందు మీ ఆంకాలజిస్టు, అదే క్యాన్సర్ డాక్టరు దగ్గరికి వెళ్ళు. బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్ళూ రాత్రిళ్ళు తిమ్మిరెక్కుతుంటే అదీ చెప్పు, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవచ్చు. సూదులతో కుదరకపోతే బిళ్ళ మార్చే దారి కూడా ఆయన దగ్గరే ఉంటుంది.

రేపటి నుంచే రోజూ పొద్దున నొప్పి పదికి ఎంతో క్యాలెండర్ మీద గీసిపెట్టు. మొదటి సిట్టింగుకి ముందు వారం అంకెలు లేకపోతే, 6 వారాల తర్వాత తగ్గిందో లేదో దేనితో పోల్చుకుంటావు? ఆ అంకెలు నాకూ పంపు.

నీ
లలిత