టోక్యో వెళ్తే హమారిక్యూ తోటకీ ఓ పూట కేటాయించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

జపాన్ యాత్ర గురించి మన పత్రికల్లో ఎప్పుడు చదివినా బుల్లెట్ రైలు, ఫుజి కొండ, డిస్నీలాండ్, అంతటితో సరి. ప్యాకేజీ టూర్లదీ అదే వరస. ఈమధ్య మా అబ్బాయి దగ్గరికి టోక్యో వెళ్లినప్పుడు హమారిక్యూ తోట చూశాను. మనవాళ్లు ఇంతమంది వెళ్లొస్తున్నారు కదా, దీని సంగతి ఒక్కరూ చెప్పలేదేమా అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

షింబాషి స్టేషన్ నుంచి నడిచి వెళ్లిపోవచ్చు, టికెట్ 300 యెన్‌లు. ఒకప్పుడు జపాన్‌ను ఏలిన తొకుగావా వంశపు సైనికాధిపతులు, అంటే షోగన్‌లు, బాతుల వేటకు వచ్చిన తోట ఇది. లోపలి చెరువులో ఉండేది సముద్రపు నీరే, టోక్యో అఖాతంలో ఆటుపోట్లను బట్టి తూము తలుపులు ఎత్తుతూ దించుతూ నీటిమట్టం మారుస్తారు. ఆ చెరువు మధ్యలోనే నకజిమా టీ హౌస్. 1707లో మొదట కట్టారు, 1879లో మెయిజీ చక్రవర్తి అమెరికా మాజీ అధ్యక్షుడు గ్రాంట్‌ను ఇక్కడే కలిశారు, 1944లో బాంబు దాడిలో కాలిపోతే 1983లో మళ్లీ నిలబెట్టారు. కాలిపోయిన చోటే, పాత రూపంలోనే కట్టుకోవడం నాకు చాలా నచ్చింది. మన దగ్గర కూలిన మండపాలు ఎన్ని అలాగే పడున్నాయో!

చెప్పులు బయట విప్పేసి చాప మీద కూర్చుంటే ముందు చిన్న మిఠాయి పెడతారు. లోపల ఉండేది తీపి చిక్కుడు గింజల ముద్ద, మన బొబ్బట్టులో పూర్ణంలా మెత్తగా ఉంటుంది. అది తినేశాకే మచ్చా తాగాలి. ఆకుపచ్చ టీ పొడిని వేడినీళ్లలో వెదురు కుంచెతో నురగ వచ్చేదాకా గిలక్కొడతారు, పాలు, పంచదార ఉండవు, చేదుగానే ఉంటుంది, కానీ నోట్లో ఆ తీపి ఇంకా ఉంటుంది కాబట్టి ఆ చేదే బాగుంటుంది, దయచేసి పంచదార అడగకండి. గిన్నెకు ముందు వైపంటూ ఒకటుంటుంది, దాన్ని మన వైపు తిప్పి ఇస్తారు. ఆ వైపు పెదవి తగలకుండా గిన్నెను కుడిచేత్తో కొంచెం తిప్పి తాగాలి, అదీ మర్యాద.

ఇక్కడ దొరికేది టీ, మిఠాయి మాత్రమే. భోజనంతో కలిపి చేసే అసలు తేనీటి వేడుకైతే నాలుగు గంటల దాకా సాగుతుంది, దానికి వేరేచోట ముందుగా బుక్ చేసుకోవాలి. పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఈ చిన్నదే హాయి.

మీ ఆదివారం పేజీల్లో ఇలాంటి చోట్ల గురించి కూడా, టికెట్, టైమింగ్స్‌తో సహా రాయించండి. ఈ తోట సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు, లోపలికి 4.30 దాకే రానిస్తారు, కాబట్టి మధ్యాహ్నం భోజనం కాగానే బయల్దేరమని చెప్పండి.

– ఒక పాఠకురాలు, గుంటూరు