హాబ్ కొనేముందు దాని ముందు నిలబడే మనిషిని చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఇంటి పేజీలో కిచెన్ హాబ్, అంటే వంటగది గట్టులో బిగించే పొయ్యి, ఎలా ఎంచుకోవాలో రాశారు కదా, రెండుసార్లు చదివాను. ఎన్ని బర్నర్లు ఉండాలి, గాజు ఏ రంగు బాగుంటుంది, చిమ్నీ సైజుకి సరిపోతుందా లేదా, అన్నీ బాగానే రాశారు. కానీ ఆ హాబ్ ముందు రోజూ నిలబడేది ఎవరు, వాళ్ళ చూపు ఎలా ఉంది, వేళ్ళు ఎలా ఉన్నాయి, ముక్కుకి వాసన తెలుస్తుందా లేదా అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా కనపడలేదు. ఆ ప్రశ్న వేసుకోకుండా కొని మా అమ్మని బాధపెట్టినదాన్ని నేను, అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

అమ్మకి 74 ఏళ్ళు. చూపు మధ్యలో మసక, పక్కలనుంచి కనపడుతుంది గానీ సూటిగా చూసింది కనపడదు. అయినా వంట మానలేదు, ఏ నాబ్ ఎక్కడుందో ఎంత తిప్పితే ఎంత మంట వస్తుందో అన్నీ చేతికే తెలుసు. వంటగది కొత్తగా చేయించేటప్పుడు నేనే పట్టుబట్టాను, గ్యాస్ వద్దు అమ్మకి మంట సరిగ్గా కనపడట్లేదు బట్టలకి అంటుకుంటే ఎలా, ఇండక్షన్ అయితే భయం ఉండదు అని. భయం లేదన్నమాట నిజమే. కానీ నేను తెచ్చింది నున్నటి నల్ల గాజు పలక, మొత్తం టచ్ ప్యానెలే, చేత్తో తడిమితే గీత లేదు గుంట లేదు బొడిపె లేదు. నల్ల గాజు మీద సన్నటి ఎర్ర అంకెలు. అమ్మ తడుముకుంటూ వెళ్తుంటే చెయ్యి తగిలిన చోటల్లా ఏదో ఒకటి ఆన్ అవుతుంది, లేదంటే లాక్ పడుతుంది, వేలు తడిగా ఉంటే అసలు పలకదు, ప్యానెల్ మీద నాలుగు నీళ్ళ చుక్కలు పడితే బీప్ బీప్ అని మొత్తం ఆగిపోతుంది. మూడో రోజు అమ్మ "ఇది నా చేతికి తెలీట్లేదే తల్లీ" అంది, ఆ తర్వాత దాదాపు నెల రోజులు వంటగదిలోకి రాలేదు. సేఫ్ అని తెచ్చిన వస్తువే మనిషిని వంటగది నుంచి బయటికి పంపేసింది.

షాపులో అమ్మినతను తప్పు చెప్పాడని నేను అనను, నేను అడిగినవాటికి సమాధానం చెప్పాడు, ఎవరు వండుతారు అని అతను అడగలేదు నేనూ చెప్పలేదు. ఆ తర్వాత మాత్రం పట్టుబట్టి చాలా చదివాను, తెలిసినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చేత్తో తిప్పి చూశాను, ఆ తెలుసుకున్నదే మీ పాఠకులకి చెప్పాలని.

ముందు గ్యాస్ సంగతి. కళ్ళు బాగున్నవాళ్ళకి మంటంత మంచి గుర్తు ఇంకోటి లేదు, ఎక్కువైందా తగ్గిందా ఒక్క చూపులో తెలిసిపోతుంది, అడుగు గుండ్రంగా ఉన్న గిన్నె అయినా అల్యూమినియం అయినా మట్టిపాత్ర అయినా పట్టింపు లేదు, కరెంట్ పోయినా లైటర్ ఉంటే పని ఆగదు. నాబ్ ఉంటుంది కాబట్టి చేతికి కూడా తెలుస్తుంది. అయితే మంట వేడిలో గిన్నెకి చేరేది కొంతే, అది బర్నర్‌ని గిన్నెని బట్టి మారుతుంది, మిగతాది పక్కలనుంచి గదిలోకే పోతుంది. మండేటప్పుడు నైట్రోజన్ డయాక్సైడ్ కూడా వస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్ళకి అది మంచిది కాదు. అందుకని ఇంట్లో దగ్గు ఆయాసం ఉన్నవాళ్ళుంటే గాలి బయటికి పోయే చిమ్నీ గానీ ఎగ్జాస్ట్ ఫ్యాన్ గానీ లేకుండా గ్యాస్ హాబ్ పెట్టుకోవద్దు. గాలిని ఫిల్టర్లో తిప్పి మళ్ళీ గదిలోకే వదిలే చిమ్నీలు ఉంటాయి, అవి జిడ్డు పట్టుకుంటాయి గానీ ఈ వాయువుల్ని బయటికి పంపలేవు. మంట నీలంగా కాకుండా పసుపుగా వస్తుంటే సరిగ్గా మండట్లేదని అర్థం, కార్బన్ మోనాక్సైడ్ వచ్చే ప్రమాదం ఉంది, మెకానిక్‌ని పిలిచి బర్నర్ చూపించాల్సిందే.

గ్యాస్ హాబ్ కొంటే ఫ్లేమ్ ఫెయిల్యూర్ డివైస్ ఉందా అని తప్పకుండా అడగండి. బర్నర్ పక్కనే చిన్న పుల్లలాగా ఉంటుంది థర్మోకపుల్ అని, మంట తగిలి వేడెక్కినంతసేపూ అందులో కొద్దిగా కరెంట్ పుట్టి లోపల వాల్వ్‌ని తెరిచి పట్టుకుంటుంది, మంట ఆరిపోతే అది చల్లారి వాల్వ్ మూసుకుంటుంది, గ్యాస్ ఆగిపోతుంది. వెంటనే కాదు, కొన్ని సెకన్లు పడుతుంది. గాలికి మంట ఆరినా, నీళ్ళు పొంగి ఆరినా ఇదే కాపాడుతుంది. కానీ ఒకటి గుర్తుంచుకోండి, దానికి తెలిసేది మంట ఉందా లేదా అన్నదొక్కటే, గిన్నె ఖాళీ అయి మాడిపోతుందా అన్నది దానికి తెలీదు. మతిమరుపు ఉన్నవాళ్ళు వండే ఇంట్లో ఇదొక్కటి ఉంది కదా అని ధైర్యంగా ఉండొద్దు, టైమర్ పెట్టి బర్నర్ దానంతటదే ఆగిపోయే గ్యాస్ హాబ్‌లు కూడా ఉన్నాయి, అవి చూడండి.

వాసన సంగతి కూడా చెప్పాలి. గ్యాస్‌కి దానంతట దానికి వాసన ఉండదు, లీక్ అయితే తెలియాలని మెర్కాప్టాన్ అనే రసాయనం కలుపుతారు, ఆ కంపే మనకి హెచ్చరిక. వయసుతో పాటు చాలామందికి వాసన తగ్గుతుంది, వాళ్ళకే ఆ సంగతి తెలీదు కూడా. అలాంటివాళ్ళు ఒంటరిగా ఉండే ఇంట్లో గ్యాస్ ఉంటే డిటెక్టర్ పెట్టండి, అది ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. సిలిండర్లో వచ్చే ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కింద నేలమీద పేరుకుంటుంది కాబట్టి డిటెక్టర్ కిందగా ఉండాలి. పైపులో వచ్చే నేచురల్ గ్యాస్ గాలికన్నా తేలిక, పైకి పోతుంది కాబట్టి సీలింగ్ దగ్గర ఉండాలి. రెండిటికీ జెట్లు, అంటే బర్నర్లోకి గ్యాస్ వదిలే సన్నటి రంధ్రాల ముక్కలు, కూడా వేరు, సిలిండర్ నుంచి పైపుకి మారితే పాత జెట్లతోనే వాడేయకూడదు, మార్పించుకోవాలి.

ఇంక కరెంట్‌తో నడిచే మామూలు సిరామిక్ హాబ్ ఉంది, గాజు కింద కాయిల్ ఎర్రగా కాలి వేడి పైకి వస్తుంది. దీనికి గిన్నె ఏదైనా పర్లేదు అడుగు బల్లపరుపుగా ఉంటే చాలు. ఆ గాజు మామూలు గాజు కాదు, గ్లాస్ సిరామిక్, 1953లో కార్నింగ్ కంపెనీలో డొనాల్డ్ స్టూకీ గారు గాజుని 600 డిగ్రీల్లో వేడిచేయబోతే ఫర్నేస్ పొరపాటున 900 దాకా పోయి అనుకోకుండా ఈ రకం పదార్థం బయటపడింది. వేడికి దాదాపు వ్యాకోచించదు కాబట్టి ఒకచోట కాలుతూ పక్కన చల్లగా ఉన్నా పగలదు. మా ఇంటికి మాత్రం నేను దీన్ని మొదటే పక్కన పెట్టేశాను, ఎందుకంటే ఆఫ్ చేసిన తర్వాత కూడా చాలాసేపు గాజు కాలిపోతూ ఉంటుంది, ఎర్రదనం పోయింది కాబట్టి చూసేవాళ్ళకి మామూలుగానే ఉంటుంది, ప్యానెల్ మీద హెచ్ అనే అక్షరం వెలుగుతుంది గానీ అది చదవగలిగితేనే కదా. తడుముతూ పనిచేసే మనిషికి, చిన్నపిల్లలకి ఇది చాలా ప్రమాదం.

ఇండక్షన్‌కి వస్తే పనిచేసే తీరే వేరు. గాజు కింద రాగి చుట్ట, అందులో సెకనుకి 20 వేల సార్లకి పైగా అటూ ఇటూ మారే కరెంట్, దాని అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగులో కరెంట్‌ని పుట్టిస్తుంది, గిన్నె తనంతట తనే వేడెక్కుతుంది. 1831లో ఫారడే అనే శాస్త్రవేత్త చూపించిన సూత్రమే ఇది. గిన్నె తీసేస్తే వేడి ఆగిపోతుంది, గాజు కాలినా అది గిన్నె నుంచి దిగిన వేడే కాబట్టి తొందరగా తగ్గుతుంది, అంతమాత్రాన వెంటనే చెయ్యి పెట్టేయొచ్చని కాదు. కరెంట్‌లో 85 శాతం దాకా గిన్నెకే చేరుతుంది. లీటరు నీళ్ళు 20 డిగ్రీల నుంచి మరగాలంటే 335 కిలోజౌళ్ళ వేడి కావాలి, 2 కిలోవాట్ల గ్యాస్ బర్నర్ మీద వేడిలో 40 శాతమే గిన్నెకి చేరిందనుకున్న లెక్కన 7 నిమిషాలు పడితే అంతే పవర్ ఉన్న ఇండక్షన్ మీద 3 నిమిషాలు దాటి కొంచెం పడుతుంది, కాగితం మీద లెక్కేసుకుంటే ఎవరికైనా ఇదే వస్తుంది.

గిన్నెల విషయంలో మాత్రం కఠినం. అయస్కాంతం తీసుకుని ఒక్కో గిన్నె అడుగున పెట్టండి, గట్టిగా పట్టుకుంటే పనికొస్తుంది, జారిపోతే పనికిరాదు. ఇనుము పర్లేదు, ఉత్త అల్యూమినియం రాగి పనికిరావు, స్టీల్లో కొన్ని పట్టుకుంటాయి కొన్ని పట్టుకోవు. అలవాటైన గిన్నె అనేది పెద్దవాళ్ళకి చిన్న విషయం కాదు, దాని బరువు దాని పిడి అన్నీ చేతికి అలవాటైపోయి ఉంటాయి, సగం గిన్నెలు పక్కన పడేయాల్సొస్తే అది కూడా ఆలోచించాల్సిందే. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు పనిచేసే ఇండక్షన్‌కి 60 సెంటీమీటర్ల దూరం ఉండాలని చెప్తారు, అంత దూరంనుంచి వంట చేయడం కష్టం కాబట్టి కొనేముందే గుండె డాక్టర్‌ని అడగండి.

వైరింగ్ కూడా ముందే చూపించుకోండి. నాలుగు జోన్ల, అంటే గిన్నె పెట్టే చోట్లు నాలుగున్న, ఇండక్షన్ హాబ్ అన్నీ ఫుల్‌లో పెడితే 7.4 కిలోవాట్ల దాకా లాగుతుంది, అంటే 230 వోల్టుల దగ్గర 32 ఆంపియర్లు, మామూలు ప్లగ్గులో పెట్టేది కాదు, దానికి వేరే లైను, కరెంట్ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్ ఎంసీబీ అంటారు అదీ వేరేది కావాలి. కొన్నిట్లో మొత్తం పవర్ ఇంతకి దాటకుండా సెట్ చేసుకునే వీలుంటుంది. కరెంట్ ఎక్కువగా పోయే చోట అయితే ఒక్క ఇండక్షన్ మీదే ఆధారపడొద్దు, రెండు గ్యాస్ బర్నర్లు ఒక ఇండక్షన్ జోన్ కలిసొచ్చేవి కూడా ఉన్నాయి.

ఇంతా చదివాక అర్థమైంది ఏంటంటే అమ్మకి ఇబ్బంది పెట్టింది ఇండక్షన్ కాదు, ఆ టచ్ ప్యానెల్. రెండిటినీ మనం ఒకటే అనుకుంటున్నాం. నాబ్‌లతో వచ్చే ఇండక్షన్ హాబ్‌లు ఉన్నాయండీ, తక్కువే ఉన్నాయి, అడిగితే గానీ చూపించరు, అవి పాతరకం అనేస్తారు. మేము అదే తెచ్చాం. తిప్పితే ఒక్కో అంకెకి ఒక్కో టక్ వస్తుంది, అమ్మ ఆ టక్‌లు లెక్కపెట్టుకుంటుంది, నాలుగు టక్‌లు ఒక వేడి, ఏడు టక్‌లు ఒక వేడి. ఆఫ్ దగ్గర నాబ్ గట్టిగా ఆగుతుంది కాబట్టి ఆగిందా లేదా అన్న అనుమానం లేదు. నాబ్‌లు ముందువైపు ఉన్నాయి, వేడి గిన్నె మీదుగా చెయ్యి చాపక్కర్లేదు. గాజు మీద జోన్ ఎక్కడుందో తెలియడానికి అంచు బయట చిన్న ఉబ్బెత్తు స్టిక్కర్లు అతికించాం, గిన్నె వాటిమధ్య పెడుతుంది. టచ్ ప్యానెల్ ఇప్పటికే కొనేసినవాళ్ళు కూడా ఈ స్టిక్కర్లు పెట్టుకోవచ్చు, బటన్ మీద కాకుండా దాని పక్కనే అతికించండి, మీద పెడితే వేలు తగిలినా తెలియకపోవచ్చు.

ఎడిటర్ గారూ నా కోరిక ఒకటే, మళ్ళీ ఇలాంటి వ్యాసం వేసినప్పుడు మోడళ్ళ ఫొటోలతోపాటు కంట్రోల్స్ ఎలాంటివి, చేత్తో తడిమితే తెలుస్తాయా, బీప్ ఒకటేనా లేక ఆన్‌కి ఆఫ్‌కి వేరువేరా, ఇవి కూడా రాయండి. కొనబోయేవాళ్ళు వండే మనిషిని షాపుకి తీసుకెళ్ళండి, కళ్ళు మూసుకుని ఒకసారి, తడి వేళ్ళతో ఒకసారి ఆన్ చేసి ఆఫ్ చేసి చూడమనండి. షాపులో కరెంట్ కనెక్షన్ ఇచ్చి ఉన్న పీస్ అడగండి, కనెక్షన్ లేని డెమో ముక్క మీద టచ్ ఎలా పనిచేస్తుందో తెలీదు.

ఇంకొకటి, గట్టు కోయించేముందు కటౌట్ కొలత, అంటే హాబ్ దిగడానికి కోసే రంధ్రం కొలత, మోడల్ కాగితంలో చూసి కోయించండి. 60 సెంటీమీటర్ల హాబ్‌లు చాలావాటికి 56 బై 49 దగ్గర్లో ఉంటుంది గానీ అన్నిటికీ అదే కాదు. మా పాత హాబ్ రంధ్రం పెద్దదైపోయి కొత్తది కూర్చోలేదు, చివరికి ఆ రాయి మొత్తం మార్పించాల్సొచ్చింది.

ఇట్లు,
మీ పాఠకురాలు