పోషణ ఖర్చు లేని గ్రంథాలయమా?

సంపాదకులకు నమస్కారం.

ప్రాచీన ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయం ఒక్క మంటతో బూడిదైపోయిందన్న మాట వ్యాసాల్లో, పిల్లల పుస్తకాల్లో ఇంకా వస్తూనే ఉంది. స్ట్రాటజీ ఆటలాడే పిల్లల మనసులో దానికి తోడు ఇంకో పొరపాటు నాటుకుంటోంది. నాగరికతను పెంచే కంప్యూటర్ ఆట సివిలైజేషన్ 5లో ‘రైటింగ్’ (రాత) అనే విద్య సాధించి, ఆ గ్రంథాలయానికి ప్రతిరూపమైన గ్రేట్ లైబ్రరీ కడితే ఒక టెక్నాలజీ ఉచితంగా వస్తుంది. మామూలు లైబ్రరీకి టర్నుకు (ఆటలో ఒక వంతుకు) ఒక గోల్డ్ ఖర్చవుతుంది కానీ, గ్రేట్ లైబ్రరీలాంటి ‘వండర్’ (అద్భుత కట్టడం)కు పోషణ ఖర్చే లేదు. అసలు గ్రంథాలయం బతికిందే ఆ ఖర్చు మీద.

రేవుకొచ్చిన ఓడల్లో పుస్తకం కనిపిస్తే తీసుకుని నకలు రాయించేవారు. యజమానికి నకలు ఇచ్చి, అసలును ‘ఓడల నుంచి’ అని గుర్తు వేసి దాచుకునేవారని వైద్యుడు గేలెన్ రాశాడు. ఈస్కిలస్, సోఫోక్లీస్, యూరిపిడీస్ నాటకాల ప్రతులను ఏథెన్స్ నుంచి 15 టాలెంట్ల (టాలెంట్ అంటే అప్పటి ఒక తూకం) వెండి ధరావతు కట్టి తెచ్చారు. ఆ ధరావతు వదులుకుని మరీ అసలు ప్రతులు ఉంచేసుకున్నారు! అక్కడి కవి, పండితుడు కల్లిమాకస్ తయారుచేసిన గ్రంథాల పట్టికే 120 పాపిరస్ (రెల్లు కాగితం) చుట్టలు. అందులో రచయిత పేరు, తండ్రి పేరు, ఊరుతో పాటు రచనలోని మొదటి పంక్తి, మొత్తం పంక్తుల సంఖ్య ఉండేవి. గ్రంథాల పేర్లు అప్పటికి స్థిరపడలేదు కాబట్టి ఏది ఏదో తెలిసేది మొదటి పంక్తితోనే. లేఖకుడికి కూలి లెక్కగట్టేది పంక్తుల మీద, నకల్లో ఏమైనా జారిపోతే పట్టిచ్చేదీ ఆ లెక్కే. పాపిరస్ తేమకు చివుకుతుంది, పురుగు తింటుంది. మళ్లీ మళ్లీ రాయించకపోతే దాన్ని నాశనం చేయడానికి నిప్పు అక్కర్లేదు. మన తాటాకు ప్రతుల సంగతీ అంతే కదా.

పెద్ద దెబ్బ క్రీ.పూ. 145లో తగిలింది. ఈజిప్టు రాజు ఎనిమిదో టాలెమీ పండితులను తరిమేశాడు. గ్రంథాలయాధిపతి అరిస్టార్కస్ సైప్రస్‌కు పారిపోయాడు. ఆ పదవి తర్వాత ఈటెల దళానికి చెందిన కైడాస్‌కు దక్కినట్టు ఈజిప్టులో దొరికిన ఒక పాపిరస్ జాబితా చెబుతోంది. క్రీ.పూ. 48లో రోమన్ సేనాని సీజర్ నాటి మంట ఆ తర్వాతి మాట. దాని తర్వాత కూడా భూగోళ శాస్త్రవేత్త స్ట్రాబో ఆ నగరంలో మ్యూజియన్‌ను (గ్రంథాలయంతో ముడిపడిన పండితుల సంస్థను) చూశాడు. నడకదారి, పండితుల ఉమ్మడి భోజనశాల, ఉమ్మడి నిధి ఉన్నాయనే రాశాడు.

1991లో వచ్చిన మొదటి సివిలైజేషన్ ఆట ఈ విషయంలో నయం. వేరే రెండు నాగరికతలకు తెలిసిన విద్య ఏదైనా గ్రేట్ లైబ్రరీ ఉన్నవారికి అందేది. ఓడల పుస్తకాలకు అదే దగ్గరి పోలిక.

చరిత్ర ఉపాధ్యాయులు డబ్బు లేకపోతే విద్య సాగదన్న పాఠాన్ని సివిలైజేషన్ 5తోనే చెప్పవచ్చు. ముందు ఆటను సేవ్ చేయాలి. సైన్యాన్ని అవసరానికి మించి పెంచి, ప్రతి టర్నుకూ గోల్డ్ తరిగేలా చూడాలి. నిల్వ సున్నాకు చేరాక ఆ లోటు సైన్స్‌లోంచి కోతపడుతుంది. తెరపైభాగంలోని సైన్స్ అంకె మీద మౌస్ ఉంచితే ఎంత పోయిందో కనిపిస్తుంది. నిల్వ మిగిలి ఉన్నంతసేపూ ఆ అంకె కదలదు. అక్కడే చాలామంది తేడా ఏమీ లేదనుకుని ఆపేస్తారు. మరీ ఆలస్యమైతే సైనిక దళాలు రద్దవడం మొదలవుతుంది. అప్పుడు సేవ్ చేసిన చోటికి వెళ్లి, గ్రేట్ లైబ్రరీ ఉన్నా అదే కోత పడుతుందని మరోసారి చూపించాలి.

– ఒక పాఠకుడు, గుంటూరు