గుల్మార్గ్ గురించి సగమే రాశారు

సంపాదకులకు,

మూడు వారాల కిందటి ఆదివారం అనుబంధంలో కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో స్కీయింగ్ (కాళ్లకు పొడవాటి పలకలు కట్టుకుని మంచు మీద జారడం) మీద మీరు వేసిన రెండు పేజీల వ్యాసం చదివాను. ఆ రోజే రాద్దామనుకున్నా, ఇంట్లో పెళ్లి పనులతో కుదరలేదు. మొన్న పక్కింటావిడ అదే పేపర్ పట్టుకొచ్చి "మీరు పోయొచ్చారు కదా వదినా, మా పిల్లలను పంపొచ్చా?" అని అడిగేసరికి ఇక ఊరుకోలేకపోయాను.

"గండోలాలో రెండో ఫేజ్‌కు వెళ్లండి, అక్కడి నుంచి స్కీల మీద జారుతూ దిగండి" అని రాశారు. అంత తేలికా? ఆ కేబుల్ కారు మొదటి ఫేజ్ కాంగ్‌డోరి దాకా, రెండోది అఫర్వట్ కొండ మీద దాదాపు 13 వేల అడుగుల ఎత్తు దాకా వెళ్తుంది. పద్మాక్షి గుట్ట ఎక్కితేనే ఆయాసపడే వాళ్లం మనం. నాకైతే పైన దిగిన కాసేపటికే తల పగిలిపోయింది. అక్కడ చెట్టన్నది లేదు, కొండంతా దాదాపు చదును చేయని మంచే. ఆరితేరిన స్కీయర్లు దేశదేశాల నుంచి వచ్చేదే ఆ వాలు కోసం. కొత్తవాళ్లు నేర్చుకునే చోటు వేరు, అది కింద గుల్మార్గ్‌లోనే ఉంది. ఈ ఒక్క ముక్క మీ రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

మేం ఫిబ్రవరిలో వెళ్లాం. అన్నీ ప్యాకేజీలోనే అని డబ్బు కట్టించుకున్న ఇక్కడి ఏజెంటు గండోలా టికెట్లే బుక్ చేయలేదు. దారిలోని తంగ్‌మార్గ్‌లో అద్దెకిప్పించిన గమ్‌బూట్లలో నాకు ఒకటి బిగుతు, ఒకటి వదులు. అది పోనివ్వండి. మా చిన్నోడు రెండు రోజులు నేర్చుకున్నాడు. స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా పెట్టి ఆగడం వచ్చింది. దాంతో పైనుంచి దిగుతానని మొండికేశాడు. ఏజెంటు మనిషి "ఏం కాదమ్మా, పంపండి" అన్నాడు. నేర్పిన కశ్మీరీ అబ్బాయి మాత్రం ససేమిరా అన్నాడు. జాకెట్ జిప్పు తీసి, ఛాతీకి పట్టీతో కట్టుకున్న అరచేయంత పరికరం చూపించాడు. చిన్న లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. మంచులో కూరుకుపోతే మనిషి ఎక్కడున్నాడో తోటివాళ్లకు సిగ్నల్ ఇచ్చేది అదే. "ఇది నీ దగ్గరుందా? పొడిచి వెతికే కర్ర, పార ఉన్నాయా? వాడటం వచ్చా?" అని ఉర్దూలో అడిగాడు. కొత్త మంచు పాత మంచుకు అతుక్కోకపోతే గచ్చు మీద పోసిన ఇసుకలా ఒక్కసారిగా జారుతుందని, కూరుకుపోయినవాళ్లను మొదటి పావుగంటలో బయటికి తీయకపోతే దక్కడం కష్టమని చెప్పాడు. మావాడు ఇంకేం మాట్లాడలేదు.

ఆ అబ్బాయి ఉత్తినే భయపెట్టలేదు. అక్కడ 2010 ఫిబ్రవరిలో మంచు చరియలు పడి శిక్షణలో ఉన్న జవాన్లే 17 మంది పోయారు. 2023లో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024లో ఒక రష్యన్ స్కీయర్ చనిపోయారు. అంతా ఏదో ఒక పేపర్లో వచ్చిందే. రాసేటప్పుడు మీ పాత సంచికలు తిరగేయలేదా?

మన పిల్లలకు ధైర్యం లేదని నేననను. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 14 ఏళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. భువనగిరి కోట రాళ్ల మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లద్దాఖ్ దాకా నేర్పి పంపారు ఆ పిల్లను. సరిగ్గా రెండు వారాలకు, జూన్ 8న, హైదరాబాద్ నుంచి టూర్‌కు పోయిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. పైనున్న లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదులుతారని వాళ్లకు చెప్పినవాళ్లే లేరు. ఆ తల్లుల ఏడుపు టీవీలో చూసి నేను రెండు రోజులు అన్నం తినలేకపోయాను.

ఇన్నేళ్లయినా ఏం మారింది? 2023 జులైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతం దగ్గర పదుల సంఖ్యలో జనం వాగు పొంగి అడవిలో చిక్కుకుంటే, ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు వచ్చి బయటికి తెచ్చారు. హనుమకొండలో ఒక అద్దె గది, ఒక ఫ్లెక్సీ ఉంటే చాలు, ట్రావెల్ ఏజెంటే. కొండకు పంపుతున్నాడా, బీచ్‌కు పంపుతున్నాడా, ఏం చెప్పి పంపుతున్నాడని అడిగే అధికారి ఒక్కడూ కనిపించడు. పర్యాటక శాఖ వాళ్లు ప్రమాదం జరిగాకే బోర్డు పెడతారు.

సంక్రాంతి సెలవులకు జనం ఇప్పటి నుంచే బుక్ చేసుకుంటున్నారు. స్కీయింగ్ నేర్పడానికి గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ సంస్థే ఉంది, 1968 నుంచి నడుస్తోంది. దాని గురించి, కొత్తవాళ్లు ఎక్కడిదాకా పోవాలో, పైకి పోయేవాళ్ల దగ్గర ఏమేం ఉండాలో వచ్చే ఆదివారం అదే అనుబంధంలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. పక్కింటావిడకు ఆ పేపర్ చూపించాకే జవాబు చెప్తానన్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హనుమకొండ